ఇంటి పరువును ఇంటి కాగితములును

భోగినాటి తెల్లవారుజామున మన వీధులలో మంట వేయుదురు. విరిగిన కుర్చీకోళ్లు, చివికిన తాటాకులు, పిల్లలు గ్రుచ్చిన పిడకల దండలు అందులో పడును. ఇది అందరెరిగినదే. ఏటేట ఆ మంటలో మరియొక వస్తువు కూడ పడుచున్నది. దానిని గూర్చి ఎవరును మాటాడరు. అటకమీది పెట్టెలోని పాత ఉత్తరములు, చిట్టాలు, తాతగారి దినచర్య, నాయనమ్మ చేతివ్రాత. "పాతచెత్త పోయినది, ఇల్లు తేలికపడినది" అని ఇంటివారు చేతులు దులుపుకొందురు. అట్లు దులుపుకొన్నవారిలో నేనొకడను. ఈ వ్యాసము వ్రాయుటకు ఆ యర్హత చాలునని తలంచుచున్నాను.

చదువు లేని యిండ్లలో కాల్చుటకు కాగితములు ఉండవు. ఉన్న రెండు మూడింటిని, పట్టాయో రసీదో, వారు ప్రాణముతో సమముగ దాచుకొందురు. కాల్చువారము మనము. మూడు నాలుగు తరములుగ చదువుకొన్నవారము, నెలనెల పత్రిక తెప్పించువారము, వీరేశలింగముగారి పేరు విన్నంతనే తల వంచువారము. ఏ దురాచారములను మన పెద్దలు ఎదిరించిరని సభలలో చెప్పుకొందుమో ఆ దురాచారములు మన యిండ్లలోనే జరిగినవి. వానికి సాక్ష్యము మన అటకలమీదనే యున్నది. ఆ సాక్ష్యమును మన చేతులతోనే మంటలో వేసి, పిమ్మట సంస్కరణోద్యమమునకు జయంతులు జరుపుచున్నాము.

నేను చెప్పదలచినది ఒక్కటే. ఇంటి కాగితములను ఏరక, దిద్దక, కాల్చక, ఉన్నవి ఉన్నట్లు ఆయా ప్రాంతముల చరిత్రపత్ర భాండాగారములకు, ప్రభుత్వపు పలుకుబడిలో ఆర్కైవ్సులకు, అప్పగింపవలెను. ఇది వినుటకు చప్పనైన మాట. ఆచరణలోనికి వచ్చుసరికి ఎన్ని పెదవులు విరుగునో చూడుడు.

గురజాడ అప్పారావుగారు కన్యాశుల్కము ప్రథమ ముద్రణమునకు 1897లో ఆంగ్లమున పీఠిక వ్రాసిరి. నాటకములోని గిరీశము మాటలు కంఠస్థము చేసినవారిలో చాలమంది ఆ పీఠిక జోలికి పోలేదు. అందులో ఒక లెక్క కలదు. విజయనగర మహారాజు ఆనందగజపతివారి యుత్తరువుచే విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో జరిగిన బ్రాహ్మణ శుల్కవివాహముల పట్టిక నొకదానిని తయారుచేసిరి. అసంపూర్ణమైన ఆ పట్టికలోనే 1,034 వివాహములు. అందు ఐదేండ్ల పిల్లలు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ముగ్గురు పసికందుల వెల ఒక్కొక్కరికి 350 మొదలు 400 రూపాయలు.

ఏటేట ఈ యంకెలను నల్లబల్లమీద వ్రాయుదును. పిల్లలు నోరు తెరచి చూతురు. పిమ్మట ఎవడో ఒకడు తప్పక అడుగును: "ఆ ముగ్గురూ ఎవరండీ? పెద్దయ్యాక ఏమయ్యారండీ?" ఈ ప్రశ్నకు నా వద్ద జవాబు లేదు. ఉండవలసినది. వేయికి మించిన యిండ్లలో ఆ సొమ్ము చేతులు మారినది. మారిన సొమ్ము ఒక యింటి చిట్టాలో ఖర్చు పడక మానదు, వేరొక యింటి చిట్టాలో జమ కాక మానదు. మనవారు ధర్మము తప్పిరేమో గాని లెక్క తప్పలేదు. సంబంధము కుదిర్చిన పెద్దమనిషి ఒక్క జాబైనను వ్రాయక యుండడు. ఆ చిట్టాలలో ఏ పదియైనను మన మండలములోని యొక భాండాగారమున నిలిచియున్నయెడల ఆ కుఱ్ఱవాడు అంత సులభముగ నా నోరు మూయింపజాలడు. మొత్తములను మహారాజుగారి యుత్తరువు నిలిపినది. పేరులను నిలుపవలసినవారు ఇంటివారు.

ఇక నా నేరము చెప్పెదను.

2009లో గోదావరి లంకలకు చేరువనున్న మా స్వగ్రామములోని పెంకుటింటిని అమ్మవలసి వచ్చినది. సంక్రాంతికి అందరమును చేరి సామానులు పంచుకొంటిమి. ఇత్తడి గుండిగలకు వాదులాట, భోషాణమునకు వాదులాట, పడకకుర్చీకి రెండు దినములు మాటలు లేవు. అటకమీది రేకుపెట్టెకు మాత్రము పోటీ లేకపోయెను. అందులో మా తాతగారు నూలుదారముతో కట్టి దాచుకొనిన ఉత్తరముల కట్ట యొకటి యుండెను. అవి ముప్పదికి తక్కువ కావు, నలువదికి మించవు. తాతగారు చెన్నపట్టణమున గుమాస్తాపని చేయుచుండిన కాలములో వారి అక్కగారు, అనగా మా నాయనగారి మేనత్త, ఇంటినుండి తమ్మునికి వ్రాసినవి. ఆమె తన పదునొకండవ యేట వితంతువైనది. నేను పుట్టకముందే కాలము చేసినది. మా యింటిలో ఆమెను గూర్చి మూడు మాటలు మిగిలినవి: మడి ఎక్కువ, మాగాయ దివ్యముగ పెట్టును, ఎవ్వరితోను మాటాడదు.

పై ఉత్తరమును విప్పి చదివితిని. ఆవు ఈనినది, కోడెదూడ. కాలువకు ఇంకను నీరు వదలలేదు. ఈ యేడు మామిడికాయ పలుచన. తమ్ముని జ్వరము తగ్గినదా, ఏ మందు పుచ్చుకొనుచున్నాడు? ఇంతియే. అప్పటికి ఆరేండ్లుగ పాఠశాలలో తెలుగు చెప్పుచుంటిని. సంస్కృతమున రెండు పరీక్షలు తేరినవాడను, ఆంగ్లసాహిత్యమున కొంత గ్రంథము నడిపినవాడను. పాత ఉత్తరమన్నయెడల అందులో జాతీయోద్యమమో, కవిత్వమో, అధమము ఒక సూక్తియో యుండవలెనని నా చదువు నాకు నేర్పినది. అవేవియు లేవు. మా పెదనాన్నగారు వాకిటిలో నుండి, "ఆడవాళ్ల ఉత్తరాలు పదిమంది చేతుల్లో పడితే ఏం బాగుంటుందిరా" అనిరి. మరునాడు భోగి. కట్టను నేనే మోసికొనిపోయి నా చేతులతోనే మంటలో వేసితిని. దారము మొదట కాలినది. ఉత్తరములు విసనకఱ్ఱవలె విచ్చుకొని ఒకదాని వెనుక నొకటి అంటుకొన్నవి. పిల్లలు చప్పట్లు చరచిరి.

మూడేండ్లకు మా అమ్మ బీరువాలో చీరల యడుగున ఒక పుస్తకము బయటపడినది. అదియు ఆ పెట్టెలోనిదే. అందులో మాగాయ పాళ్లు వ్రాసియున్నవని అమ్మ తీసి దాచినదట. పండితుడనైన నేను కాల్చితిని. ఊరగాయ కోసము అమ్మ కాపాడినది. పాళ్లు చివరి పుటలో ఉన్నవి. తక్కిన పుస్తకమంతయు ఆ పెద్దమ్మగారి జమాఖర్చులు.

జమ ఒక్కటే: మెట్టినింటివారు పంపు మనోవర్తి, నెలకు మూడు రూపాయలు. కొన్ని నెలలు అదియు లేదు. ఆ చోట సున్న చుట్టి ఊరకుండినది. ఖర్చులు చిన్నవి. ఆముదమునకు, వత్తులకు, చాకలికి, పురాణము చెప్పు శాస్త్రిగారికి, తపాలాబిళ్లలకు. వీని నడుమ నెలకొక్కమారు, తిథి మారినను మాట మారక, ఒక పద్దు: మంగలికి 0–1–0. ప్రమోదూత సంవత్సరమునుండి యువ సంవత్సరమువరకు, అనగా 1930 మొదలు 1936 మొదటివరకు, ఆ యణా ఒక్క నెలయు తప్పలేదు. మనోవర్తి రాని నెలలోను తప్పలేదు. ఆ పద్దేమిటో మొదట నాకు తట్టలేదు. తట్టిన దినమున పుస్తకమును మూసి చాలసేపు ఊరక కూర్చుంటిని.

శిరోముండనమును ఖండించుచు మన పెద్దలు వ్రాసిన వ్యాసములు నేను పెక్కు చదివితిని, పిల్లలచేత చదివించితిని. శాస్త్రప్రమాణములు, స్మృతివాక్యములు, ప్రతిపక్షుల నోరు మూయించు తర్కము, అన్నియు అందున్నవి. ఆ కూలి ఎవరిచ్చుచుండిరను ప్రశ్న నాకెన్నడును తోచలేదు. తన తల గొరుగుటకు తన మూడు రూపాయలలోనుండి తానే అణా యిచ్చుకొనుచుండిన స్త్రీ ఒకతె మా యింటిలోనే యుండినది. ఆ సంగతి చిట్టా చెప్పవలసివచ్చినది.

అంతతో కథ ముగిసిన ఈ వ్యాసము వ్రాయకపోదును. యువ సంవత్సర పుష్యమాసముతో ఆ పద్దు ఆగిపోయినది. చాకలి పద్దు ఆగలేదు. ఆముదము ఆగలేదు. తపాలాబిళ్లల పద్దు ఆ తరువాతి మూడు నెలలలో ముమ్మడించినది. పుస్తకము 1941 వరకు నడచినది; మంగలి పద్దు మరల రాలేదు. 1936 మాఘమాసమున మా యింటిలో ఏమి జరిగినది? ఆమె వలదన్నదా? ఎవరితో అన్నది? ముత్తాతగారు ఏమనిరి? ఊరిలోని పెద్దలు మా యింట భోజనము మానిరా? తమ్ముడు చెన్నపట్టణమునుండి ధైర్యము చెప్పెనా, బుద్ధులు చెప్పెనా? ఎవ్వరితోను మాటాడదని మేము చెప్పుకొన్న మనిషి ఆ మూడు నెలలలో ఎవరితోనో చాల మాటాడినది; బిళ్లల ఖర్చే సాక్షి. ఆ మాటలు ఆ కట్టలో ఉండియుండవలెను. నేను పైదానిని చదివి, దూడ పుట్టినదని తెలిసికొని, తక్కినవానిని కాల్చితిని. సెలవులకు ముందటి వారముననే బుచ్చమ్మ పాత్రను గూర్చి తరగతిలో రెండు గంటలు కన్నీరు వచ్చునట్లు పాఠము చెప్పియుంటిని.

పెదనాన్నగారు కోరినది ఇంటి పరువు. వారిని నిందింపను, వారు మాట మాత్రమే అనిరి, చేయి నాది. కాని ఆ పరువు లెక్క చూడుడు. కత్తికి తల వంచనని ఒక ఆడుది 1936లో ఒక పల్లెటూరిలో నిలిచినయెడల, ఆమె మా వంశమునకెల్ల తలమానికము. ఆ సంగతిని పరువుపేర బూడిద చేసితిమి. ఏది పరువో ఏది అపకీర్తియో కాల్చునాటికి కాల్చువానికి తెలియదు. నిన్నటి అపకీర్తి నేటి ప్రతిష్ఠ, నిన్నటి ప్రతిష్ఠ నేటి సిగ్గు. వందమంది రౌతులతో వియ్యాలవారికి ఎదురేగితిమని మురియుచు తాత వ్రాసిన జాబును చదివి, ఆ సొమ్ము ఎవరి పొట్టకొట్టి తెచ్చినదో అని మనుమడు తల దించుకొనవచ్చును. ఉభయులకును ఆ జాబు కావలెను.

నిజముగ అపకీర్తియే యైన సంగతి యైనచో? అప్పుడును దాచవలసినదే యందును. ఆంగ్లదేశమున నార్ఫోకు మండలములో పాస్టనులను కుటుంబమువారు పదునైదవ శతాబ్దమున వ్రాసికొనిన ఉత్తరములు నేటికిని నిలిచియున్నవి. 1787 నుండి అచ్చులోను ఉన్నవి. వారేమి ప్రభువులు కారు. కాపుదనమునుండి వకీలుతనమునకు ఎక్కి, భూములు కూర్చి, ఆ భూములకై జీవితమంతయు వ్యాజ్యములాడినవారు. మన కోస్తాజిల్లాలలో అట్టి యిండ్లు వీధి కొకటి కలవు. ఆ యింటి యిల్లాలు మార్గరెట్టు తన భర్తకు వ్రాసిన యొక జాబులో, శత్రువులు ఇంటిమీదికి వచ్చునట్లున్నారు, విండ్లు పంపుము అని కోరి, ఆ జాబులోనే బాదములును పంచదారయు పంపుమని వ్రాసినది. నేను ఆనాడు ఆ జాబును విప్పియుండినయెడల పంచదార యొద్దనే ఆగి కాల్చియుందును.

ఆమె కూతురు మార్జరీ తమ భూవ్యవహారములు చూచు ఉద్యోగి రిచర్డు కాలు అనువానిని రహస్యముగ వరించినది. ఇంటివారు మండిపడిరి. 1469లో బిషప్పు పిలిచి విచారించినను పిల్ల మాట త్రిప్పుకొనలేదు. తల్లి తలుపు మూయించినది. ఆ రిచర్డు ఆమెకు వ్రాసిన యొక యుత్తరము మిగిలినది. దానిని ఎవరికిని చూపవలదనియు, చదివినంతనే కాల్చుమనియు ఆతడు అందులోనే వేడుకొనినాడు. అది కాలలేదు. ఐదువందల యేబదియేండ్లుగ లోకము చదువుచున్నది. పాస్టనుల పరువు పోయినదా? ఆ ఉత్తరముల వలననే వారి పేరు లోకమునకు తెలిసినది. భూములన్నియు ఎవరికి పోయినవో ఎవరికి కావలెను?

కాల్చువారికంటె నాకు ఎక్కువ భయము ఏరువారిని చూచిన. వీరు నాగరికులు. భాండాగారమునకు కాగితములిత్తుమని తామే ముందునకు వత్తురు. ఇచ్చుటకు ముందు ఇంటి పెద్దకొడుకు ఆరు నెలలు కూర్చుండి ఏరును. గవర్నరుగారితో తీయించుకొన్న చాయాపటము, బిరుదు సన్నదు, ఒక దేశనాయకుడు మర్యాదకు వ్రాసిన రెండు వాక్యముల కార్డు, ఇవి అట్టపెట్టెలో చేరును. పంపకాల తగవు, మారుమనువు మాట, పిచ్చియెత్తిన మేనమామ సంగతి, ప్రోనోట్లు, పాలేళ్ల చిట్టాలు బస్తాలో చేరును. పెట్టె భాండాగారమునకు, బస్తా చిత్తుకాగితములు కొనువానికి. మరుసటి నెల పత్రికలో దాతగారి బొమ్మ.

పాలేళ్ల చిట్టా ఏమిటో చదువరులలో కొందరికి చెప్పనక్కరలేదు. ఏడాదికి ఇన్ని కుంచముల ధాన్యము, ఒక పంచె, ఒక జత చెప్పులు. అందులో పెండ్లికి తీసికొన్న అప్పు మినహా, రోగపడిన దినముల కోత మినహా. చివరకు నిలువ బాకీ, మరుసటి యేటికి అదే పాలేరు. ఆతడు తన కథ తాను వ్రాయలేదు, వ్రాయనేర్పలేదు గనుక. తన పేరు, తన కూలి, తన బాకీ, తన వేలిముద్ర ఎక్కడనైన నున్నయెడల అది మన తాతల చిట్టాలోనే. ఆ చిట్టా మనది మాత్రమే యని మనము తలంచుట దొంగతనము వంటిది. మన జమలో ఉన్నది వాని జీవితము. దానిని చిత్తుకాగితముల క్రింద కిలో యింతకని అమ్మి, మరల మనమే వేదికనెక్కి, అణగారినవారి చరిత్రకు ఆధారములు లేవని విచారించుట! ఆధారములు పొట్లములై పోయినవి. వానిలో మనమే పకోడీలు తింటిమి.

ఇంతవరకు ఇంటివారిని తిట్టితిని. భాండాగారములవారు నవ్వుకొనుచుందురు, వారికిని వాటా కలదు. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్సునందు షాజహాను, ఔరంగజేబుల కాలపు దక్కను పాలనకు చెందిన పారసీక పత్రములు లక్షకు పైగా ఉన్నవి. అందులో సైనికుల హాజరు పట్టీలు కలవు. రౌతు ముఖమున ఎక్కడ మచ్చ యున్నది, అతని గుఱ్ఱము వన్నె యేమి, దానిమీద ఏ ముద్ర వేసిరి, అన్నియు వానిలో వ్రాసియుండును. మహోపకారము, ఒక్క కాగితమైనను పోగూడదు. కాని మూడువందల యేబదియేండ్ల క్రిందటి గుఱ్ఱపు వన్నె తెలిసిన దేశమున, తొంబది యేండ్ల క్రిందటి అవ్వగారి మనసు తెలియదు. గుఱ్ఱమునకు పాదుషా ఉండెను, అవ్వకు ఎవరు?

1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టము, ప్రైవేటువారి వద్దనుండి చారిత్రకముగనో జాతీయముగనో ప్రాముఖ్యముగల పత్రములను జాతీయ భాండాగారము దానముగనో క్రయముగనో స్వీకరింపవచ్చునని చెప్పుచున్నది. చెన్నపట్టణము, హైదరాబాదు మొదలుకొని మనవారు నడపిన భాండాగారము లన్నిటను ఈ 'ప్రాముఖ్య'మను మాటయే ద్వారపాలకుడై నిలిచియున్నది. ప్రాముఖ్యము నిర్ణయించువారెవరు? ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు సుప్రీముకోర్టున దుబాసి. 1830 మే నెలలో కాశికి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిరి. దారిపొడవున తాను చూచినదెల్ల మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లెగారికి వ్రాసి పంపుచుండిరి. ఏ ఊరిలో నీళ్లు మంచివి, ఎక్కడ బియ్యము దొరకును, ఎచ్చట బోయీలు మొరాయించిరి, ఇవి ఆ వ్రాతలలోని సంగతులు. ఒక మిత్రునికి మరియొక మిత్రుడు వ్రాసిన సొంత వ్రాతలు. శ్రీనివాసపిళ్లెగారు వానిని చదివి ప్రక్కన పడవేయలేదు. వీరాస్వామయ్యగారు గతించిన రెండేండ్లకు, 1838లో, కాశీయాత్రచరిత్రగ అచ్చువేయించిరి. తెలుగువచనమున యాత్రాగ్రంథమన్న నేడు మనము మొదట చేయిపెట్టునది దానిమీదనే. శ్రీనివాసపిళ్లెగారు 'ప్రాముఖ్యము' వెదకు గుమాస్తా కాకపోవుట మన యదృష్టము.

పుదుచ్చేరిలో ఆనందరంగపిళ్లెగారి సంగతి మరియొక విధము. మన కస్తూరి రంగకవి ఆనందరంగరాట్ఛందమును అంకితమిచ్చినది ఈయనకే. ఫ్రెంచివారి వద్ద దుబాసిగ నుండి 1736 మొదలు 1761 వరకు అరవమున దినచర్య వ్రాసిరి. వ్యాపారము, యుద్ధము, గవర్నరుగారి భార్య లంచగొండితనము, శకునములు, ఇంటి శుభకార్యములు, అన్నియు కలగలుపు. ఆయన పోయిన పిమ్మట ఎనుబదియేండ్లకు పైగ అది వంశీయుల యింటిలోనే పడియుండెను. 1846లో దాని సంగతి లోకమునకు తెలిసినది. 1904 మొదలు 1928 వరకు మద్రాసు ప్రభుత్వమువారు పండ్రెండు సంపుటములుగ ఆంగ్లమున వెలువరించిరి. ఆ యెనుబదియేండ్లలో ఆ యింటివారు ఎన్నిమారులు ఇల్లు వెల్లవేయించియుందురు! ఎవరికిని ఇవి పాతచెత్త యని తోచకపోవుట ఎంత మేలైనది! తోచియుండినచో, దక్షిణదేశమున ఫ్రెంచివారి చరిత్రను ఫ్రెంచివారి నోటనే వినవలసియుండెడిది.

ఇప్పుడొక యాక్షేపణ. దీనిని ఇతరులు నాపై తెచ్చుటకు ముందు నేనే తెచ్చుకొందును, ఏలయన ఇది ఒక్కటే నన్ను నిదురపోనీయనిది. ఆ పెద్దమ్మగారు ఆ ఉత్తరములను తమ్మునికి వ్రాసినది. నాకు వ్రాయలేదు, భాండాగారమునకు వ్రాయలేదు, ఈ పత్రిక చదువరులకు అంతకంటెను వ్రాయలేదు. రిచర్డు కాలు కాల్చుమని వేడుకొన్నాడు. వాని మాటను త్రోసి మనము చదువుచున్నాము. చనిపోయినవారికి గుట్టు లేదా? ఉన్నది. ఇది నిజమైన ఆక్షేపణ. 'చరిత్ర' యను పెద్దమాటతో కొట్టివేయదగినది కాదు. నేను చెప్పగలిగిన దింతయే: ఆ ఉత్తరములను చదువుటకు ఆమె అనుమతి నాకు లేదు. కాల్చుటకును లేదు. మొదటి తప్పును ఆపుకొనవచ్చును. ముద్రవేసి, ఇరువదియో ముప్పదియో ఏండ్లవరకు ఎవరును విప్పరాదని షరతు పెట్టి అప్పగింపవచ్చును. దాతలు అట్టి షరతులు పెట్టుటయు, భాండాగారములు వానిని పాటించుటయు లోకమున క్రొత్త గాదు. బ్రదికియున్నవారి మనసు నొచ్చుననువారికిని ఇదే జవాబు. రెండవ తప్పును ఆపుకొను షరతు ఏదియు లేదు.

ఫోను చేతబట్టుకొని, "ఫోటో తీశాం కదా, ఇంకా కాగితం ఎందుకు" అను మేనల్లుళ్లు మా యింటిలోను ఉన్నారు. తీయవలసినదే. కాని ఫోటో తీయువాడు ముందుపుటను తీయును. ఆమె సున్న చుట్టిన పుట వెనుక ఏమి చెరిపివేసినదో దీపమున కడ్డుపెట్టి చూడవలసినది కాగితమునే. పైగా ఏ ఉత్తరము తరువాత ఏ ఉత్తరము కట్టియున్నదో ఆ వరుసయే సగము చరిత్ర. భాండాగారములలో పని తెలిసినవారు మొదట చెప్పునది ఇదియే: సర్దవద్దు, వచ్చిన వరుసలోనే తెండు. తుప్పుపట్టిన గుండుసూదులు తీయుడు, రబ్బరుబ్యాండు వేయకుడు, చిరిగినచోట అంటు టేపు వేయకుడు. ఆ మేనల్లుడు ఫోటోలు తీసిన ఫోను మరుసటి వానకాలమున కాలువలో పడినది. అది వేరు సంగతి.

ఈ వేసవిలో ఆ పుస్తకమును మా ప్రాంతపు భాండాగారమొకదానికి తీసికొనిపోయితిని. మా అమ్మ పాళ్ల పుటను చూచి వ్రాసికొని, పుస్తకమును పాత తువాలులో చుట్టి ఇచ్చినది. పెదనాన్నగారు ఇప్పుడు లేరు; వారి కుమారుడు, మా అన్నయ్య, ఫోనులో అరగంట కోపించి, చివరకు, "మంగలి పద్దులున్న పేజీలు మాత్రం చింపేసి ఇయ్యరా" అని రాజీకి వచ్చినాడు. చింపలేదు. ఈ వ్యాసము చదివినపిమ్మట మరల కోపించును.

అచ్చటి గుమాస్తా మంచివాడు, కుఱ్ఱవాడు. ఫారము తీసి అడుగనారంభించెను.

"ఈవిడ స్వాతంత్ర్య సమరయోధురాలాండీ?"

"కాదండీ."

"రచయిత్రా?"

"కాదు. మాగాయ బాగా పెట్టేవారు."

ఆతడు నవ్వలేదు. కలము పట్టుకొని పుస్తకమును తిరుగవేయసాగెను. కొంతసేపటికి ఒక చోట ఆగి, వెనుకకు తిప్పి, మరల ముందునకు తిప్పి, "ఈ అణా పద్దు ఇక్కడితో ఆగిపోయిందేమండీ?" అనెను. ఏమి చెప్పవలెనో అది చెప్పితిని. ఆతడు ఫారములోని వివరముల గడిని చూపి, లేని కాగితములను వ్రాయుటకు చోటు లేదండీ అనెను. ఉన్న చోటనే వ్రాయుమంటిని. చిన్న అక్షరములతో ఇట్లు వ్రాసికొనెను: జమాఖర్చుల పుస్తకము ఒకటి, 112 పుటలు, 1930–1941. ఉత్తరములు, సుమారు 35. 2009 జనవరి 13న దాత చేతితో దగ్ధము.